సభలో మంత్రిని ఏమని అడిగించాలి? ఉద్దానం నీళ్ళు, జీడి ధరపై ప్రశ్నలు రాద్దాం

ఉద్దానం కొబ్బరితోట

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బులతో సతమతమవుతున్న ఉద్దానం ప్రాంతం, కవిటి మండలం. వచ్చే అసెంబ్లీ సమావేశాల లోపు ఎమ్మెల్యే గారిని కలవాలని ఊరి పెద్దలు, యువకులు కూర్చుని అనుకున్నాం. వినతిపత్రాలు ఇంతకుముందు చాలా ఇచ్చాం. తీసుకుంటారు, పక్కనున్న వారి చేతికి అందిస్తారు, ఫోటో దిగుతాం, అంతటితో సరి. ఈసారి వినతిపత్రం వద్దు, సభలో మంత్రిని అడగవలసిన ప్రశ్నే రాసి చేతిలో పెడదామన్నది నా పట్టు.

మా నాన్నగారికి రోజు విడిచి రోజు డయాలసిస్. ఆయన్ని ఆటోలో కూర్చోబెట్టి తీసుకువెళ్ళి, నీరసించిపోయిన మనిషిని సాయంత్రానికి ఇంటికి చేర్చడం మా అన్నదమ్ముల వంతు. మా వీధిలో కుళాయి ఉంది. నీళ్ళు ఏ వేళకు వస్తాయో తెలియక, తాగడానికి మాత్రం ఇప్పటికీ ఇరవై లీటర్ల టిన్నులే కొంటున్నాం. కొనలేని వాళ్ళు బోరు నీళ్ళు తాగుతున్నారు. ఆ బోరు నీళ్ళంటేనే మాకు భయం.

నేను రాసిన ప్రశ్నలు ఇవి: ‘ఉద్దానంలో నీరు అందక కిడ్నీ వ్యాధులతో ప్రజలు మరణిస్తున్న విషయం వాస్తవమేనా? దీని నివారణకు ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలు ఏమిటి? జీడి రైతులను ఆదుకోవడానికి ఏమి చేయబోతున్నారు?’ తెలిసినవారు సరిదిద్దండి.

పాత ఫైలు

బాబూ, మీ ఆలోచన చాలా మంచిది. ప్రశ్నను మాత్రం మొదటి నుంచి మార్చి రాయాలి. పదవీ విరమణ చేసేదాకా నేను ఒక జిల్లా కార్యాలయంలో పనిచేశాను కాబట్టి అటువైపు నుంచి ఎలా కనిపిస్తుందో చెబుతాను.

సభ ప్రశ్నను ఆఫీసుల్లో ఎల్‌ఏక్యూ (లెజిస్లేటివ్ అసెంబ్లీ క్వశ్చన్) అంటాం. అది వచ్చిందంటే మిగతా ఫైళ్ళన్నీ పక్కకు జరుగుతాయి. సచివాలయం నుంచి శాఖాధిపతికి, అక్కడి నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలాలకు ఒక్క రోజులోనే కబురు దిగుతుంది. ‘అతి జరూరు’ అని ఎర్ర సిరాతో రాసి ఉంటుంది. రాత్రి తొమ్మిదింటికి కూడా మండల ఇంజనీరుకు ఫోన్ చేసి అంకెలు రాయించుకుంటారు. వినతిపత్రానికి ఆ మర్యాద ఏనాడూ దక్కదు. అందుకే మీ పట్టు సరైనదంటున్నాను.

ఇక మీ మొదటి వాక్యంలో చిక్కు చూడండి. సభలో ప్రశ్న (అ), (ఆ), (ఇ) అని భాగాలుగా ఉంటుంది. (అ) లో ‘వాస్తవమేనా’ అని అడుగుతారు. ‘నీరు అందక మరణిస్తున్నది వాస్తవమేనా’ అంటే మంత్రిగారి జవాబు ‘లేదండి’ అని వస్తుంది. ఉద్దానంలో వ్యాధికి కారణం ఇదీ అని వైద్యులే ఇంకా తేల్చలేదు, కాబట్టి ఆ ‘లేదండి’ని తప్పుపట్టే వీలు కూడా ఉండదు. (అ) కి ‘లేదండి’ అన్నాక (ఆ), (ఇ) లకు ‘ఈ ప్రశ్న ఉత్పన్నం కాదు’ అని రాసేస్తారు. అర నిమిషంలో మీ ఊరి గోడు ముగిసిపోతుంది.

‘తీసుకుంటున్న చర్యలు ఏమిటి’ అనేది మరీ సులభమైన ప్రశ్న. పథకాల పేర్లు, మంజూరైన కోట్లు వరుసగా పేర్చితే పేజీ నిండుతుంది. ‘ఏ మండలంలో ఎన్ని గ్రామాలకు, ఏ తేదీ నాటికి’ అని అడిగి చూడండి. అప్పుడు ఎవరో ఒకరు బండి వేసుకుని ఊళ్ళోకి వెళ్ళి చూడక తప్పదు. తెలిసి తెలిసి సభకు తప్పు అంకె ఇస్తే సభా హక్కుల ఉల్లంఘన నోటీసు దాకా పోతుంది. ఆ సంగతి కింది ఉద్యోగి నుంచి కార్యదర్శి వరకు అందరికీ గుర్తుంటుంది.

జీడిపిక్క

పలాస నుంచి రాస్తున్నాను. తాగునీటి గురించి పెద్దలు చెబుతున్నారు, నేను జీడి గురించే మాట్లాడతాను.

మా దగ్గర జీడిపిక్కల బస్తా అంటే 80 కిలోలు. ఆ బస్తాకు 16,000 రూపాయల మద్దతు ధర కావాలని రైతులు రోడ్డెక్కి అడిగారు. సీజను మొదట్లో ఒక ధర, పిక్క రాలడం జోరందుకున్నాక ఇంకొక ధర. నిల్వ పెట్టుకోవడానికి మాకు గోదాము లేదు, అప్పు ఇచ్చిన వ్యాపారి గుమ్మంలోనే ఉంటాడు. తిత్లీ తుపాను 2018 అక్టోబరులో మా తోటలను వేళ్ళతో సహా పెకలించింది. మళ్ళీ నాటిన మొక్కలు కాపుకు వచ్చి, చేతికి నాలుగు డబ్బులు వచ్చే వేళకు ధర ఇలా ఉంటే రైతు ఏమైపోవాలి?

ఆఫ్రికా దేశాల నుంచి పచ్చి పిక్కలు ఓడల్లో దిగుతున్నాయి. 2018 కేంద్ర బడ్జెట్లో ముడి జీడి దిగుమతి సుంకాన్ని అయిదు శాతం నుంచి రెండున్నర శాతానికి తగ్గించారు. ఫ్యాక్టరీలకు సరుకు కావాలి, నిజమే. పలాసలో ఆ ఫ్యాక్టరీల మీద బతికే కూలీలు వేలల్లో ఉన్నారు, వాళ్ళ పొట్ట కొట్టమని నేను అనను. కానీ రైతు పిక్క చేతికి వచ్చే ఆ రెండు నెలలైనా ఆలోచించాలి కదా. ఈ ప్రశ్న సభలో ఎవరైనా అడగాలి.

గంటస్తంభం

విజయనగరంలో న్యాయశాస్త్రం చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నాను. జీడిపిక్క గారూ, మీ బాధ ఒకటే అయినా ప్రశ్నలు రెండు. దిగుమతి సుంకం కేంద్రానిది. దాన్ని మన అసెంబ్లీలో అడిగితే ‘కేంద్ర ప్రభుత్వ పరిధిలోనిది’ అనే ఒక్క మాటతో తేలిపోతుంది. అది పార్లమెంటులో వాణిజ్య శాఖనో ఆర్థిక శాఖనో అడగవలసిన ప్రశ్న. రాష్ట్రం తరఫున కొనుగోలు, మార్కెట్ జోక్యం, గోదాములు, ఇవి అసెంబ్లీలో అడగవచ్చు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే 22 పంటల్లో ఎండు కొబ్బరి ఉంది, జనపనార ఉంది, జీడి లేదు. ‘జీడిని ఆ జాబితాలో చేర్చే ప్రతిపాదన రాష్ట్రం నుంచి కేంద్రానికి వెళ్ళిందా, వెళితే ఏ తేదీన’ అని అసెంబ్లీలో అడగండి. ‘వచ్చిందా, వస్తే ఏమి నిర్ణయించారు’ అని లోక్‌సభలో అడిగించండి. రెండు జవాబులు పక్కపక్కన పెట్టుకుంటే ఎవరు ఎక్కడ ఆగారో తెలిసిపోతుంది.

లోక్‌సభలో అడిగేదెవరు అన్నది ఇంకొక చిక్కు. శ్రీకాకుళం ఎంపీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారు 2024 జూన్ నుంచి కేంద్ర పౌర విమానయాన మంత్రి. మంత్రి అయినవారు సభలో జవాబు చెబుతారే గాని ప్రశ్న అడగరు. టెక్కలి ఎమ్మెల్యే అచ్చెన్నాయుడు గారు అదే నెలలో రాష్ట్ర వ్యవసాయ మంత్రి అయ్యారు. జీడి ప్రశ్నకు ఆయన జవాబు చెప్పవలసినవారు. పదవులు వచ్చినందుకు జిల్లా గర్వపడాల్సిందే. అయితే అడిగే గొంతులు ఆ మేరకు తగ్గాయని మనం గుర్తించాలి. శ్రీకాకుళం జిల్లాలో ఎనిమిది అసెంబ్లీ స్థానాలు. టెక్కలి తీసేస్తే అడగగలిగినవారు ఏడుగురు. పార్లమెంటుకైతే విజయనగరం ఎంపీని పట్టుకోండి. ఎచ్చెర్ల ఆ లోక్‌సభ స్థానంలోనే ఉంది, కాబట్టి శ్రీకాకుళం జిల్లా సంగతి ఆయనకు పరాయిది కాదు. రాజ్యసభ సభ్యులు రాష్ట్రంలో ఏ జిల్లా గురించైనా అడగవచ్చు.

లోక్‌సభలో కనీసం పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ప్రశ్న 150 మాటలు దాటకూడదు. రోజుకు ఇరవై నక్షత్ర గుర్తు ప్రశ్నలకే నోటి జవాబు దొరుకుతుంది, అదీ లాటరీలో పేరు వస్తేనే. ఆ ఇరవైలోనూ ప్రశ్నోత్తరాల గంట ముగిసేసరికి కొన్నింటికే వంతు వస్తుంది. మిగతా 230 ప్రశ్నలకు రాతపూర్వక జవాబు ఇస్తారు. మీకు అంకెలే కావాలంటే రాతపూర్వక జవాబే మేలు.

నాగావళి ఒడ్డు

పెద్దలు క్షమించాలి, నాకు ఈ ఉత్సాహం రావడం లేదు. 175 మంది ఉన్న సభలో 164 మంది ఒకే కూటమి వారు. ఎదుట గెలిచింది 11 మంది, వాళ్ళు సభకు రావడమే మానుకున్నారు. సొంత ప్రభుత్వం మంత్రిని ఎమ్మెల్యే నిలదీస్తాడా? ‘మంత్రిగారికి ధన్యవాదాలు’ అని మొదలుపెట్టి, పొగిడి, చివర ఒక రోడ్డు అడిగి కూర్చుంటాడు. 2019లో 151 మంది ఒకవైపు ఉన్నప్పుడూ ఇదే చూశాం. అందుకే ఏ పార్టీ మీదా కోపంతో ఈ మాట అనడం లేదు. ప్రశ్న వేసేవాడికి తర్వాతి ఎన్నికలో టికెట్ కావాలి. ఆ టికెట్ ఇచ్చేవాళ్ళు మంత్రి పక్కనే కూర్చుని ఉంటారు.

గంటస్తంభం

మీ అనుమానం న్యాయమైనది. అయినా ఒక పాత సంగతి వినండి. 1957లో లోక్‌సభలో కాంగ్రెస్‌కు తిరుగులేని బలం. ఎల్ఐసీ సొమ్ము కోటీ ఇరవై లక్షలకు పైగా హరిదాస్ ముంద్రా అనే వ్యాపారి కంపెనీల వాటాల్లో పెట్టారన్న విషయం ప్రశ్నలతోనే బయటపడింది. దాన్ని పట్టుకుని సభలో మంత్రిని నిలదీసింది ప్రతిపక్షం వారు కాదు, కాంగ్రెస్ సభ్యుడే, పైగా ప్రధాని నెహ్రూ అల్లుడు ఫిరోజ్ గాంధీ. చాగ్లా విచారణ సంఘం వేశారు, బహిరంగంగా విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మామగారి మంత్రివర్గంలో మంత్రి అని ఫిరోజ్ గాంధీ ఊరుకోలేదు.

అలాంటివారు అరుదని మీరంటారు, ఒప్పుకుంటాను. కానీ రాజ్యాంగం 164(2) ప్రకారం మంత్రివర్గం బాధ్యత వహించేది మొత్తం శాసనసభకు. ప్రతిపక్షానికి మాత్రమే అని ఎక్కడా లేదు. ప్రతిపక్షం బలహీనంగా ఉన్నప్పుడు అధికార పక్ష సభ్యుడి మీద ఆ భారం ఇంకా పెరుగుతుంది. ఎమ్మెల్యే కూర్చుని ప్రశ్న తయారు చేసుకునేది తక్కువ, నిజమే. తయారు చేసిన ప్రశ్న, దాని వెనుక ఊరివాళ్ళ సంతకాలు చేతిలో పెడితే అడగకపోవడం కూడా ఆయనకు కష్టమే.

శాసనమండలిని మరచిపోకండి. 58 మంది ఉన్న సభ, అక్కడా ప్రశ్నోత్తరాలు ఉంటాయి. మన ఉత్తరాంధ్ర ఉపాధ్యాయ నియోజకవర్గం ఎమ్మెల్సీ కూడా అడగవచ్చు.

భావనపాడు తీరం

మాది మత్స్యకార కుటుంబం. ప్రశ్న వల్ల ఏమి వస్తుందని అడిగినవారికి ఒక్క మాట.

మా తీరం నుంచి మగవాళ్ళు ప్రతి ఏటా గుజరాత్‌లోని వెరావల్ వెళ్ళి పడవల్లో కూలికి చేరతారు. 2018 చివర మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళు అక్కడ వేటకు వెళ్ళి పాకిస్తాన్ వాళ్ళకు చిక్కారు. వారిలో ఇరవై మందిని 2020 జనవరిలో వాఘా దగ్గర మనవాళ్ళకు అప్పగించారు. ఆ మధ్య కాలంలో ఇళ్ళల్లో ఆడవాళ్ళ పరిస్థితి ఏమిటో నేను కళ్ళారా చూశాను. ఏ జైలులో ఉన్నాడు, బతికి ఉన్నాడా, ఎవరిని అడగాలి, ఒక్కటీ తెలియదు. రెండు దేశాలూ ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటాయి. ఎంతమంది జాలర్లు అక్కడ ఉన్నారు, ఎంతమందిని విడిపించారు అని పార్లమెంటులో అడిగినప్పుడల్లా విదేశాంగ శాఖ జవాబిస్తుంది. ఆ జవాబు కాగితం చదివి వినిపిస్తే ఆ తల్లులకు అన్నం ముద్ద గొంతు దిగేది. మనవాడు ఢిల్లీ లెక్కలో ఉన్నాడన్న నమ్మకం చిన్నది కాదు.

అందుకని మత్స్యకారుల సంగతి కూడా మీ కాగితంలో ఒక మాట చేర్చండి. సొంత తీరంలో సరైన జెట్టీ ఉంటే మా వాళ్ళు అంత దూరం ఎందుకు వెళతారు?

గోగునార

నెల్లిమర్ల నుంచి. గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను, ఈ మధ్యే చదివినవి రెండు చెబుతాను. మాస్టారు తప్పులుంటే దిద్దాలి.

మంత్రి సభలో ‘పరిశీలనలో ఉంది’, ‘వివరాలు తెప్పించుకుంటున్నాం’ అంటే మనం దాటవేశారని వదిలేస్తాం. లోక్‌సభలో ఆ మాటలను హామీలుగా లెక్కగడతారు. వాటిని వెంటాడడానికే 1953 నుంచి ప్రభుత్వ హామీల కమిటీ ఉంది. మూడు నెలల్లో ఆ హామీ నెరవేర్చాలి, లేదంటే గడువు పొడిగించమని కమిటీని అడగాలి. మన అసెంబ్లీలోనూ హామీల కమిటీ ఉంది. అంటే జవాబు వచ్చిన రోజుతో పని అయిపోలేదు. ఆ తేదీ రాసి పెట్టుకుని, ‘ఫలానా రోజున పరిశీలనలో ఉందన్నారు, ఏమైంది’ అని మళ్ళీ అడిగించవచ్చు.

రెండోది సమాచార హక్కు చట్టం. ఎమ్మెల్యే గారు అడగడానికి వెనుకాడితే అవే (అ), (ఆ), (ఇ) లను పది రూపాయల ఫీజుతో మనమే అడగవచ్చు, ముప్పై రోజుల్లో జవాబు రావాలి. మంత్రి జవాబు విని, అప్పటికప్పుడు నిలబడి దాని మీద అనుబంధ ప్రశ్న అడిగే అవకాశం మాత్రం అందులో ఉండదు.

పాత ఫైలు

అమ్మాయి బాగా చెప్పింది. అనుబంధ ప్రశ్న సంగతి ఎత్తింది కాబట్టి అక్కడే కాస్త ఆగుతాను, ఎందుకంటే అసలు బిగువంతా దానిలోనే ఉంది.

అచ్చయిన జవాబు మంత్రి రాసింది కాదు. కింది నుంచి నలుగురైదుగురు అధికారుల చేతులు మారి వచ్చిన కాగితం. అది సభ్యుల బల్ల మీద ముందే ఉంటుంది. మంత్రి చేతిలో ఉండేది వేరు. సభ్యుడు ఇంకేమి అడగవచ్చో ఊహించి, ఆ జవాబులన్నీ రాసి ఇచ్చే లావుపాటి నోట్ ఒకటి ఉంటుంది. అధికారులు గ్యాలరీలో కూర్చుని చీటీలు అందిస్తుంటారు. ఆ నోట్‌లో లేనిది అడిగితేనే మంత్రి తన శాఖను ఎంత ఎరుగుదురో బయటపడుతుంది. ఆ నోట్‌లో ఎన్నటికీ ఉండనిది మీ ఊరి సంగతి. ‘మంత్రిగారు ఈ గ్రామానికి నీరు అందుతోందన్నారు. ఈ నెలలో ఈ తేదీల్లో రాలేదని గ్రామస్తులు రాసిన పుస్తకం నా దగ్గర ఉంది’ అని సభ్యుడు లేచి అంటే, ఎవరూ నీళ్ళు నమలలేరు. అందుకే ప్రశ్న కంటే ముందు ఆ పుస్తకం తయారు చేయండి. మామూలు నోటుబుక్కు చాలు. వీధికి ఒకరు, నీరు వచ్చిన రోజు, వేళ, ఎంతసేపు.

నాగావళి ఒడ్డు

ఈ పుస్తకం మాట నాకు నచ్చింది. ఇంకొక సందేహం. మనలాంటి వాళ్ళు ప్రశ్న రాసి ఇవ్వడం పద్ధతేనా? వెనక డబ్బులు తీసుకుని ప్రశ్నలు అడిగారని ఎంపీలను తొలగించారు కదా. ఇంకొకటి, సభలో గొడవ జరిగి ఆ గంట కాస్తా కొట్టుకుపోతే? 2020 సెప్టెంబరులో కోవిడ్ పేరుతో పార్లమెంటులో ప్రశ్నోత్తరాల గంటే తీసేశారు.

గంటస్తంభం

డబ్బు తీసుకోవడం తప్పు. 2005 డిసెంబరులో 11 మంది ఎంపీలను అందుకే బహిష్కరించారు. ఓటరు తన ఊరి సమస్యను తన ప్రతినిధికి రాసి ఇవ్వడం తప్పెలా అవుతుంది? ప్రతినిధి ఉన్నదే అందుకు. 2020లో కూడా రాతపూర్వక ప్రశ్నలకు జవాబులు ఇచ్చారు. సభ వాయిదా పడినా లిఖిత జవాబులు రికార్డులోకి వెళతాయి. అనుబంధ ప్రశ్నలు అడిగే వీలు మాత్రం పోతుంది. గొడవ ఎవరు చేసినా నష్టపోయేది ఆ రోజు జాబితాలో ఉన్న ఊళ్ళే. తంగి సత్యనారాయణ, ప్రతిభా భారతి, తమ్మినేని సీతారాం, ముగ్గురు స్పీకర్లను ఇచ్చిన జిల్లా మనది. సభ సజావుగా నడవాలని అడిగే హక్కు మనకు అందరికంటే ఎక్కువే ఉంది.

పాత ఫైలు

ప్రశ్న ఇలా రాశాను. అందరూ చూడండి.

‘(అ) హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు అందించేందుకు 700 కోట్ల రూపాయలతో చేపట్టి 2023 డిసెంబరులో ప్రారంభించిన పథకం పరిధిలోని ఏడు మండలాల 807 గ్రామాలలో, నేటికి ఎన్ని గ్రామాలకు ప్రతి రోజూ నీరు అందుతున్నది, మండలాల వారీగా, (ఆ) ఒక్కొక్కరికి రోజుకు 55 లీటర్ల కంటే తక్కువ అందుతున్న గ్రామాలు ఏవి, (ఇ) ఆ గ్రామాలకు పూర్తి సరఫరా ఏ తేదీకి ఇస్తారు, (ఈ) ఆ గ్రామాల బోర్ల నీటిని చివరిసారి ఎప్పుడు పరీక్షించారు, ఫలితాలు పంచాయతీ గోడ మీద పెట్టారా?’

‘వాస్తవమేనా’ తీసేశాను. ‘లేదండి’ అనడానికి చోటు లేదు. పలాసలో కట్టిన 200 పడకల కిడ్నీ ఆసుపత్రి గురించి కూడా రాయాలనిపించింది. కానీ ఒకే ప్రశ్నలో వైద్య శాఖను, తాగునీటి శాఖను కలిపితే ఒకరి మీద ఒకరు తోసుకుంటారు. మంజూరైన నెఫ్రాలజిస్టు పోస్టులు ఎన్ని, నిండినవి ఎన్ని అని దాన్ని విడిగా రాద్దాం.

జీడిపిక్క

జీడి ప్రశ్న మాస్టారు చెప్పిన ప్రకారం రెండుగా రాసి రేపు ఇక్కడ పెడతాను. సుంకం ప్రశ్నను విజయనగరం ఎంపీ గారి కార్యాలయానికి గోగునార గారు చేర్చగలరా? మీకు దగ్గర కదా.

గోగునార

తప్పకుండా. పదిహేను రోజుల గడువు ఉంది కాబట్టి సమావేశాల తేదీలు ప్రకటించిన రోజే ఇవ్వాలి. జనపనార మిల్లుల మీద కూడా ఒకటి జతచేస్తాను, మా ఊరి కార్మికులు ఎదురుచూస్తున్నారు.

ఉద్దానం కొబ్బరితోట

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. పాత ఫైలు గారి ప్రశ్నను నాన్నగారికి చదివి వినిపించాను. (ఈ) ని ముందుకు తేవాలని ఆయన అన్నారు, బోరు నీళ్ళు తాగేవాళ్ళే ముందు అని. నాకూ అదే సబబు అనిపిస్తోంది, మీరేమంటారు?

నోటుబుక్కులు కొన్నాను. మా వీధిది నేనే రాస్తున్నాను, పక్క వీధులకు డ్వాక్రా సంఘం ఆడవాళ్ళు ఒప్పుకున్నారు. ఇచ్ఛాపురం, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వాళ్ళు ఈ వేదికలో ఉంటే, మీ ఊళ్ళో పుస్తకం ఎవరు పెడతారో ఇక్కడే రాయండి. మత్స్యకారుల జెట్టీ ప్రశ్నను భావనపాడు తీరం గారు రాయాలి. అది మా చేత కాదు, వాళ్ళకే తెలుసు.